ప్రాబబిలిటీ ‘షార్ట్‌కట్’ పీడీఎఫ్ కొనేవాళ్లూ, ఆగండి

ఇంటర్, డిగ్రీ స్టాటిస్టిక్స్ పిల్లల కోసమంటూ టెలిగ్రామ్ గ్రూపుల్లో 299 రూపాయలకు అమ్ముతున్న ప్రాబబిలిటీ మెటీరియల్ కొనకండి. పేరు చెప్పడం లేదు. కింది లెక్కలు కనిపించాయంటే అదేనని మీకే తెలిసిపోతుంది.

శాంపిల్ పేజీలు చూసి నమ్మొద్దు. వాటిలో ఉన్నవన్నీ నాణేలు, పాచికలే. అక్కడ ఊరికే గుణించేసినా ఆన్సర్ వస్తుంది. అసలు గొడవ పేకముక్కల దగ్గర మొదలవుతుంది.

52 ముక్కల కట్టలోంచి ఒకటి తీసి, దాన్ని తిరిగి పెట్టకుండా ఇంకోటి తీస్తే, రెండూ ఆసులయ్యే సంభావ్యత ఎంత? వీళ్ల సొల్యూషన్ 4/52 × 4/52 = 1/169. కానీ మొదటి ఆసు బయటికొచ్చాక మిగిలేది 51 ముక్కలు, వాటిలో ఆసులు 3. కాబట్టి 4/52 × 3/51 = 1/221. ముక్కను తిరిగి కట్టలో పెట్టి కలిపితేనే 1/169 సరైనది. ఇలాంటి బిట్లలో 1/169 కూడా ఒక ఆప్షన్‌గా ఇస్తుంటారు, అంటే ఈ మెటీరియల్ చదివినవాళ్లు నేరుగా వెళ్లి అందులోనే పడతారు. అడిగితే ‘ప్రింటింగ్ మిస్టేక్’ అంటున్నారు. కీలో ఒక అంకె మారితే అలా అనుకోవచ్చు. స్టెప్పులోనే 4/52 రెండుసార్లు వేసి, పక్కన ‘స్వతంత్ర ఘటనలు కాబట్టి’ (అంటే ఒకటి జరగడం ఇంకోదాని సంభావ్యతను మార్చదట) అని కారణం కూడా రాశాక అది ప్రింటింగ్ తప్పెలా అవుతుంది?

ఇంకోటి మరీ ఘోరం. ఒక లెక్కను ఎ, బి, సి అనే ముగ్గురు విడివిడిగా సాధించే సంభావ్యతలు 1/2, 1/3, 1/4. లెక్క తేలే, అంటే కనీసం ఒకరైనా సాధించే సంభావ్యత ఎంత? మూడూ కూడేశారు, 13/12 వచ్చింది. సంభావ్యత 1 దాటిందంటే ఎక్కడో తప్పిందని అక్కడే ఆగాలి కదా, ‘కాబట్టి 1’ అని రాసి చేతులు దులుపుకున్నారు! ‘కనీసం ఒకరు’ అన్నప్పుడు ఎవరూ సాధించకపోవడం నుంచి రావాలి: 1/2 × 2/3 × 3/4 = 1/4. దాన్ని 1 లోంచి తీసేస్తే 3/4.

ఈ తప్పులన్నిటికీ మూలం రంగు బాక్సులో వేసిన ‘రూల్’: పరస్పర వివర్జిత (ఒకేసారి జరగలేని) ఘటనలన్నీ స్వతంత్రమేనట. పూర్తిగా తలకిందులు. ఒక పాచిక వేసినప్పుడు సరిసంఖ్య, బేసిసంఖ్య రెండూ కలిసి పడవు, అంటే రెండూ జరిగే సంభావ్యత 0. స్వతంత్రమైతే అది విడివిడి సంభావ్యతల లబ్ధానికి సమానం కావాలి, కానీ 1/2 × 1/2 = 1/4. రెండూ సమానం కాలేదు, కాబట్టి అవి స్వతంత్రం కావు. అదే పాచికకు ‘సరిసంఖ్య’, ‘4 లేదా అంతకు తక్కువ’ తీసుకోండి. రెండిటికీ ఉమ్మడిగా ఉన్నవి 2, 4, అంటే 2/6 = 1/3. లబ్ధం 1/2 × 2/3 కూడా 1/3. ఉమ్మడి ఫలితాలున్నా ఇవి స్వతంత్రమే.

ఫైల్ ఒకసారి డౌన్‌లోడ్ చేశాక రీఫండ్ ఇవ్వడం లేదు. వేరే మెటీరియల్ ఏది కొన్నా, డబ్బు కట్టకముందే ‘తిరిగి పెట్టకుండా’ అనే లెక్క ఉన్న పేజీ ఫొటో పంపమనండి. దీన్ని ఇప్పటికే కొన్నవాళ్లు ఆ బాక్సు కొట్టేసి, పేకముక్కలవీ, సంచిలోంచి బంతులు తీసేవీ, ‘కనీసం ఒకటి’ అని అడిగేవీ మొత్తం మళ్లీ చేసుకోండి. నాణేల సెక్షన్ వరకు వాడుకోవచ్చు.