కాఫ్ స్లీవ్స్ రెండున్నరేళ్ళు వాడాక: ఆ బిగుతు మీద నా ఇష్టం, నా కోపం

కాఫ్ స్లీవ్స్ అంటే పాదం లేకుండా పిక్కకి మాత్రమే వేసుకునే బిగుతు తొడుగులు. వీటి గుడ్డ ఏంటి, ఎన్ని రంగుల్లో వస్తాయి, ఏ సేల్‌లో ఎంత తగ్గుతుంది లాంటివన్నీ మీకు ఎక్కడైనా దొరుకుతాయి, అవి నేను రాయట్లేదు. నాకు చెప్పాలని ఉన్నది ఒక్క బిగుతు గురించే. చీలమండ పైనుంచి మోకాలి కింద దాకా పిక్కని పట్టుకుని ఉండే ఆ బిగుతు. మొదటి ఆరు నెలలు కనపడిన ప్రతివాళ్ళకీ దాని గురించి చెప్పాను, మా కొట్లో నాతో పనిచేసే ఇద్దరి చేత కొనిపించాను కూడా. అందుకే తర్వాత జరిగింది కూడా చెప్పాలి.

నా సంగతి కొంచెం తెలిస్తేగానీ మిగతాది అర్థం కాదు. ఒంగోల్లో బట్టల కొట్లో సేల్స్‌లో ఉంటాను, వయసు 39. పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా నిలబడే పని, పెళ్ళిళ్ళ సీజన్ అయితే అన్నానికి తప్ప కూర్చునే పనే లేదు, కింద అంతా టైల్స్. షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టర్ చెప్పాక పొద్దున్నే మినీ స్టేడియంలో నడక మొదలుపెట్టాను, మూడు నెలలకి ఆ నడక పరుగైంది. పరుగు మొదలైన మూడో వారానికే కాలి ముందు ఎముక లోపలి అంచున, చీలమండకి జానెడు పైన, నొప్పి వచ్చింది. మొదటి రౌండ్‌లో బాగా ఉండేది, ఒళ్ళు వేడెక్కాక తగ్గేది, స్నానం చేసి కొట్టుకి వెళ్ళి నిలబడేసరికి మళ్ళీ లాగేది. దీన్నే షిన్ స్ప్లింట్స్ అంటారని, కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్ళకి, ఉన్నట్టుండి దూరం పెంచినవాళ్ళకి ఎక్కువగా వస్తుందని స్టేడియంలో ఒక పీఈటీ మాస్టారు చెప్పారు. ఆయన చెప్పిన మందు రెండు వారాలు పరుగు ఆపడం. నేను ఆపలేదు, స్లీవ్స్ కొన్నాను.

మొదటిరోజు వేసుకున్నప్పటి ఆ సుఖం ఇప్పటికీ గుర్తుంది. లోపలివైపు బయటికి తిప్పి, పాదం దూర్చి, కొంచెం కొంచెంగా పైకి లాక్కోవాలి, రెండు నిమిషాలు పట్టింది, చెమట పట్టింది. పైదాకా వచ్చాక లేచి నిలబడితే పిక్కని ఎవరో రెండు అరచేతుల మధ్య పట్టుకున్నట్టు ఉంది. పరిగెత్తేటప్పుడు ప్రతి అడుక్కీ పిక్క కండ అదురుతుంది చూడండి, ఆ అదురు సగానికి సగం తగ్గింది. ఎముక నొప్పి కూడా వెనక్కి పోయింది. ఎనిమిది వందల చిల్లర పెట్టి కొన్న వస్తువు మొదటిరోజే ఇంత పని చేస్తే ఎవరికైనా సంతోషంగానే ఉంటుంది. రాత్రి కొట్టు కట్టేసి ఇంటికొచ్చాక మెట్లెక్కడం కూడా తేలికయ్యింది, మా ఆవిడే ముందు గమనించింది.

అలా నాలుగు కిలోమీటర్లు ఆరయ్యాయి, ఆరు తొమ్మిదయ్యాయి. వారానికి మూడు రోజుల పరుగు ఆరు రోజులైంది. నొప్పి లేదు కదా అని పెంచుకుంటూ పోయాను. రెండో ఏడు సంక్రాంతికి మా మేనల్లుడు వచ్చాడు, కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాడు, 1600 మీటర్లు 8 నిమిషాల్లో కొట్టాలి. "మామా, రేపు కొత్తపట్నం రోడ్డు మీద కొడదామా, అట్టా బీచి దాకా?" అన్నాడు. కొంత దూరం బండి మీద వెళ్ళి, పక్కన పెట్టి, అక్కణ్ణుంచి తారు రోడ్డు మీద పోనూ రానూ పన్నెండు కిలోమీటర్లు పరిగెత్తాం, మధ్యలో బీచిలో కాసేపు మెత్తటి ఇసకలో కూడా. ఒక్క దగ్గర కూడా నొప్పి తెలియలేదు. స్లీవ్స్ విప్పాక కుడికాలు ఎముక మీద వేలితో చూపించగలిగినంత చోట సలుపు ఉంది. రూపాయి బిళ్ళంత చోటు. పండగ హడావుడిలో పట్టించుకోలేదు, మరుసటిరోజు మళ్ళీ స్లీవ్స్ వేసుకుని వెళ్ళాను.

ఆ తర్వాత పది రోజులకి కొట్లో పై అరలోంచి పట్టు చీరల కట్ట దించుతున్నాను. రెండు మెట్ల స్టూలు, రోజుకి యాభైసార్లు ఎక్కి దిగేదే. కట్ట చేతిలో పెట్టుకుని కుడికాలు కింద పెట్టాను, అంతే, ఎముక లోపల సూది దిగినట్టయింది. కట్ట వదిలేసి కౌంటర్ పట్టుకున్నాను. కూర్చున్న కస్టమరమ్మ "ఏమైంది బాబూ" అని లేచింది. ఆ రాత్రి పడుకున్నాక కూడా అక్కడ సలుపుతూనే ఉంది. పరిగెత్తినప్పుడు వచ్చే నొప్పి వేరు, ఏ పనీ చేయకుండా పడుకున్నప్పుడు వచ్చే నొప్పి వేరు, ఆ తేడా నాకు ఆ రాత్రే తెలిసింది.

ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "మీ సొంతూరు యాడ?" కనిగిరి పక్కన పల్లె అని చెప్పాను. చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగారు, బోరువా, ఇంట్లో పెద్దవాళ్ళకి నడుము వంగిపోవడం, కీళ్ళు బిగుసుకుపోవడం ఉందా అని వరసగా అడిగారు. మా వైపు ఫ్లోరైడ్ నీళ్ళ సంగతి అందరికీ తెలిసిందే, మా తాత చివరి రోజుల్లో మెడ తిప్పాలంటే మనిషంతా తిరిగేవాడు. కాలి నొప్పి అనగానే ఆయన అక్కడి నుంచి మొదలుపెట్టడం చూసి నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది. ఎక్స్‌రేలో ఆ గుర్తులేం లేవు, ఇంకేం కూడా కనపడలేదు. నేను హమ్మయ్య అనుకున్నాను, ఆయన అనుకోలేదు. ఎముక ఒత్తిడికి దెబ్బతిన్న మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చని చెప్పి ఎంఆర్ఐ రాశారు. అందులో తేలింది. స్ట్రెస్ రియాక్షన్, అంటే ఎముక లోపల వాపు. ఇంకా చీలిక రాలేదు, ఇట్టాగే పరిగెత్తి ఉంటే వచ్చేది.

స్లీవ్స్ జేబులోంచి తీసి చూపించాను, ఇవి వాడుతూనే ఉన్నాను సార్ అని. ఆయన వాటిని చేతిలోకి తీసుకుని సాగదీసి చూసి, "ఇవి కండని పట్టుకుంటాయి, ఎముక మీద పడే బరువుని మోయవు కదయ్యా. నొప్పి తగ్గినట్టుంది, దూరం పెంచావు, అంతే జరిగింది" అన్నారు. నా కోపం అంతా ఆ మాటలోనే ఉంది. వస్తువు అబద్ధం చెప్పలేదు, డబ్బా మీద పరుగు నొప్పులకి ఉపశమనం అనే రాసుంది, ఉపశమనం ఇచ్చింది. కానీ రోజూ ఎముక చెప్పే కబురు నాదాకా రాకుండా ఆ బిగుతు అడ్డం నిలబడింది. నొప్పి ఉండి ఉంటే నేను ఆరు కిలోమీటర్ల దగ్గరే ఆగేవాణ్ణి.

ఎనిమిది వారాలు పరుగు బంద్. రక్తపరీక్షలో విటమిన్ డి బాగా తక్కువ ఉంది, 14 మాత్రమే, ఎండ మొహం చూడకుండా తెల్లారకముందే స్టేడియం, పొద్దంతా ట్యూబులైట్ల కింద, ఇంకెట్టా ఉంటుంది. మందులు వేసుకున్నాను. ఆరో వారం నుంచి ఫిజియో అమ్మాయి దగ్గరికి వెళ్ళాను, నాకు నిజంగా పనికొచ్చింది ఆ అమ్మాయి చెప్పిందే, దానికి ఒక్క రూపాయి వస్తువు కూడా అక్కర్లేదు. మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి మడమలు పైకి లేపడం, మెల్లగా మూడు లెక్కపెడుతూ దించడం. మొదట మోకాళ్ళు నిటారుగా పెట్టి, తర్వాత కొంచెం వంచి. వంచి చేసేదే ముఖ్యమట, ఎందుకంటే పిక్కలో పైకి ఉబ్బి కనపడే కండ కాకుండా దాని కింద పలకలా ఉండే సోలియస్ అనే కండ అప్పుడు పనిచేస్తుంది. "పరిగెత్తేటప్పుడు మీ బరువుకి ఆరేడు రెట్లు దాని మీదే పడుతుంది అన్నా, అది అలిసిపోతే ఆ దెబ్బ ఎముక తింటుంది" అంది. మొదటిరోజు వంచిన మోకాలితో కుడికాలి మీద ఆరు లేపేసరికి కాలు వణికింది. స్లీవ్‌లో అంత బలంగా అనిపించిన కాలు అది. ఇప్పుడు ఒక్కో కాలి మీద ఇరవై, మూడు విడతలు, కొట్టు తెరవకముందు మెట్ల మీద చేస్తాను, రోజు విడిచి రోజు.

ఇంకో రెండు మార్పులు కూడా చేయించింది. అడుగు పొడవు తగ్గించి, నిమిషానికి వేసే అడుగుల లెక్క కొంచెం పెంచడం, పదిశాతం లోపలే. బూట్లు మార్చడం, నావి రెండేళ్ళవి, ఎన్ని కిలోమీటర్లు అయ్యాయో లెక్కేస్తే వెయ్యి దాటింది, మామూలుగా 500 నుంచి 800 మధ్యలో మార్చేయాలట.

ఇక స్లీవ్స్ సంగతికి వస్తే, మొదట్లో నేను పొగిడిన ఒకటి రెండు మాటలు సరిచేయాలి. నిలబడే పనికి చాలా బాగుంటాయని అందరికీ చెప్పాను. ఎండాకాలంలో రోజంతా వేసుకుని నిలబడితే స్లీవ్ అయిపోయిన చోట, చీలమండ చుట్టూ గట్టు కట్టినట్టు వాపు వచ్చేది, వేలితో నొక్కితే గుంట పడేది. పిక్కని నొక్కి పాదాన్ని వదిలేస్తే అంతేనట. నిలబడే పనికి పాదం కూడా కప్పే మేజోళ్ళు మేలు. మా కొట్లో కొనిపించిన ఇద్దరికీ ఈ మాట చెప్పాను, ఒకాయన మార్చుకున్నాడు.

సైజు కూడా. టేపు రోజంతా మెడలోనే ఉండే మనిషిని, అయినా ఎత్తు చూసి ఎల్ ఆర్డర్ పెట్టాను. ఎత్తు కాదు, పిక్కలో అన్నిటికంటే లావుగా ఉన్న చోట చుట్టుకొలత చూడాలి, అదీ పొద్దున లేవగానే. నాది పొద్దున 37 సెంటీమీటర్లు, రాత్రి కొట్టు కట్టాక 38న్నర. రాత్రి కొలిచి కొంటే పొద్దున జారుతుంది. మొదటి జత వాషింగ్ మెషిన్‌లో వేసి ఎనిమిది నెలలకి బిగుతు పోగొట్టుకున్నాను, రెండో జత చేత్తో ఉతికి నీడలో ఆరేస్తున్నాను, ఏడాదిన్నర అయింది, ఇంకా పట్టు ఉంది.

పరిగెత్తేకొద్దీ పిక్క బిగుసుకుపోయి పాదం తిమ్మిరెక్కేవాళ్ళు, ఒక కాలే వాచి వేడిగా ఉన్నవాళ్ళు ఇలాంటివి వేసుకుని చూద్దాం అనుకోవద్దు, మర్దన కూడా వద్దు, నేరుగా డాక్టర్ దగ్గరికే వెళ్ళండి, అందులో రక్తం గడ్డకట్టడం లాంటివి ఉండొచ్చు.

నేను ఇప్పుడు వీటిని పరుగయ్యాక గంటసేపు వేసుకుంటున్నాను, హైదరాబాద్ బస్సు ప్రయాణాలకి మాత్రం పాదం కప్పే మేజోళ్ళే. పరుగులో వేసుకోను. పాతికేళ్ళ వయసుండి, ఎండలో తిరిగే పని ఉండి, మూడేళ్ళుగా పరిగెత్తుతున్న మనిషికి నాలాగా జరగకపోవచ్చు, అలాంటివాళ్ళకి ఎనిమిది వందలు దండగ కాదు. నలభై దగ్గరపడి, రోజంతా నిలబడి, కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్ళయితే ముందు మెట్టు దగ్గర నిలబడి మడమలు ఎన్ని లేపగలరో చూసుకోండి, తర్వాత కొనండి.

మొన్న ఆదివారం మేనల్లుడు మళ్ళీ వచ్చాడు. "మామా, నీ స్లీవ్స్ ఇయ్యి, నాకూ ముందు ఎముక పీకతా ఉంది" అన్నాడు. అరుగు మీద కూర్చోబెట్టి ఎముక వెంట పైనుంచి కిందికి బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చాను. జానెడు పొడవునా నొప్పి అన్నాడు, అంటే నాలాగా బిళ్ళంత చోట కాదు, షిన్ స్ప్లింట్సే అయ్యుండొచ్చు, కొంచెం నయమే, కానీ ఒకచోట మాత్రం కాలు వెనక్కి లాక్కున్నాడు. లేచి ఆ ఒంటికాలి మీద పదిసార్లు గెంతమన్నాను. ఆరుసార్లు బాగానే గెంతాడు, ఏడోదానికి గోడ పట్టుకున్నాడు. స్లీవ్స్ ఇవ్వలేదు. వాడి కానిస్టేబుల్ పరుగు పరీక్షలకి (ఈవెంట్స్‌కి) ఇంకా టైముంది, సోమవారం కొట్టుకి సెలవు పెట్టి ఆ డాక్టర్ దగ్గరికే తీసుకెళ్తున్నాను.