డెబియన్‌లో మెయిల్ సర్వర్: పోస్ట్‌ఫిక్సా, ఎగ్జిమా?

లైనక్స్‌లో ఒక రకమైన డెబియన్‌లో మెయిల్ సర్వర్ నడపడానికి పోస్ట్‌ఫిక్స్, ఎగ్జిమ్ అనే ప్రోగ్రాములున్నాయి. ఒకటి రెండు డొమైన్లు, పదుల్లో మెయిల్‌బాక్సులు ఉంటే పోస్ట్‌ఫిక్సే పెట్టుకోండి. 1998లో వీట్సె వెనెమా విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్ పనిని చిన్న చిన్న ప్రాసెస్‌లకు పంచుతుంది: మెయిల్ తీసుకునేది ఒకటి, క్యూ (పంపాల్సిన మెయిళ్ల వరుస) చూసేది ఒకటి, బయటికి పంపేది ఇంకొకటి. ఒకదానిలో లోపం దొరికినా మొత్తం సర్వర్ చేజారే అవకాశం తక్కువ. ఎగ్జిమ్ అలా కాదు, రూట్ హక్కుతో (సిస్టమ్ మొత్తంపై పూర్తి అధికారంతో) నడిచే ఒకే పెద్ద ప్రోగ్రామ్. 2019లో 4.87 నుంచి 4.91 వరకు వెర్షన్లలో బయటపడ్డ లోపం అంత ప్రమాదకరం కావడానికి కారణం అదే.

పోస్ట్‌ఫిక్స్‌లో తరచూ జరిగే తప్పు ఒకటుంది. ఒకే డొమైన్‌ను 'మైడెస్టినేషన్' (లైనక్స్ యూజర్లకు మెయిల్ చేరే డొమైన్ల జాబితా)లోనూ, 'వర్చువల్ మెయిల్‌బాక్స్ డొమైన్స్' (లైనక్స్ ఖాతా అక్కర్లేని మెయిల్‌బాక్సుల డొమైన్ల జాబితా)లోనూ రాస్తారు. అప్పుడు మొదటిదే చెల్లుతుంది. సర్వర్ మెయిల్ అందుకోవాల్సినవారి పేరును లైనక్స్ యూజర్లలో వెతికి, దొరకక, మెయిల్ తిప్పికొడుతుంది. 'పోస్ట్‌కాన్ఫ్ -ఎన్' కొట్టి రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి చూడండి; 'మైడెస్టినేషన్'లోంచి తీసేసి రీలోడ్ చేస్తే సరి.

మరి ఎగ్జిమ్ ఎందుకు? షరతుల కోసం. ఫలానావారు పంపితే ఈ దారి, ఫలానా సైజు దాటితే ఆ దారి అని కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైల్)లోనే రాసుకోవచ్చు. 'ఎగ్జిమ్4 -బీటీ' తర్వాత అడ్రస్ ఇస్తే మెయిల్ ఏ రౌటర్ (మెయిల్ దారి నిర్ణయించే నియమం) గుండా వెళ్తుందో, మెయిల్ పంపకుండానే చూపిస్తుంది. ఈ సౌకర్యం నిజంగా గొప్పది. అయితే డెబియన్‌లో 'వార్/లిబ్/ఎగ్జిమ్4' కింద తయారయ్యే ఫైల్‌ను దిద్దకండి, సర్వీస్ రీస్టార్ట్ కాగానే అది మళ్లీ కొత్తగా రాయబడుతుంది. మార్పులన్నీ 'ఈటీసీ/ఎగ్జిమ్4'లోనే చేయాలి.

క్యూలో వేల మెయిళ్లు పేరుకునే చోట పోస్ట్‌ఫిక్స్‌దే పైచేయి, ఎగ్జిమ్‌కు కేంద్ర క్యూ మేనేజర్ లేదు.