సిగ్నేచర్ గిటార్లు: పేరుకు తగిన వాద్యాలేనా?

ప్రసిద్ధ వాద్యకారుల పేరుతో వెలువడే సిగ్నేచర్ గిటార్లను అభిమానుల కోసం చేసిన జ్ఞాపికలుగా కొట్టిపారేయడం సరికాదు. 1952లో లెస్ పాల్ పేరుతో గిబ్సన్ తెచ్చిన గిటార్ నేటికీ ఆ సంస్థ ప్రధాన నమూనాల్లో ఒకటి.

వీటిలో నాకు అత్యంత ఇష్టమైనది 1988లో ఫెండర్ విడుదల చేసిన ఎరిక్ క్లాప్టన్ స్ట్రాటోకాస్టర్. అరచేతిలో చక్కగా ఒదిగే వి ఆకారపు నెక్ (తీగలను నొక్కే పొడవాటి పిడి) ఎంతసేపు వాయించినా అలసట తెలియనివ్వదు; మధ్యశ్రేణి ధ్వనిని 25 డెసిబెల్స్ వరకు పెంచే సర్క్యూట్, సన్నగా మోగే సింగిల్ కాయిల్ పికప్‌ల (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరాల) నుంచి కూడా నిండైన నాదాన్ని రాబడుతుంది. అయితే ఆ సర్క్యూట్ 9 వోల్టుల బ్యాటరీపై ఆధారపడుతుంది కనుక, కచేరీకి ముందు దాన్ని తప్పనిసరిగా పరీక్షించుకోవాలి. పైగా తీగల శ్రుతిని పైకీ కిందకీ ఊపేందుకు ఉండే ట్రెమొలో బ్రిడ్జి క్లాప్టన్ అలవాటు ప్రకారం కదలకుండా బిగించి వస్తుంది.

అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది: ఒకరి చేతివాటానికి మలచిన వాద్యం మరొకరికి నప్పాలని లేదు. స్వీడిష్ గిటారిస్టు ఇంగ్వే మామ్‌స్టీన్ మోడల్‌లో ఫ్రెట్ల (నెక్‌పై అడ్డంగా ఉండే లోహపు పట్టీల) మధ్య చెక్కను తొలిచి ఉంచుతారు. తీగ అద్భుతంగా వంగుతుంది గానీ, వేలు కాస్త గట్టిగా నొక్కినా శ్రుతి పెరిగిపోతుంది. తేలికపాటి స్పర్శ అలవడనివారికి దీన్ని నేను సిఫారసు చేయను.