గుండె ఆకారంలో రాసిన పాట కోసం వెళ్తే...

ఫ్రాన్స్‌లోని రాన్స్ ఊళ్లో "కిటికీలోంచి కేథడ్రల్ కనిపిస్తుంది" అన్న గది బుక్ చేసేముందు, ఆ కిటికీ ఎక్కడుందో అడగండి. మాది బాత్రూమ్‌లో, షవర్ పైన. స్టూలెక్కి మెడ సాచితే గోపురం కొన ఒకటి కనిపించింది. రాత్రికి 94 యూరోలు. నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు, టవల్‌కి 6 యూరోలు వేరే. ఓనరు మనిషి కనపడడు, అన్నీ మెసేజ్‌లే. ఫోటో తీసి పంపితే "కనిపిస్తోంది కదా!" అని జవాబు. రెండు సూట్‌కేసులూ మోసిన మావారు ఆ సాయంత్రం నాతో మాట్లాడలేదు.

అందరిలా షాంపేన్ కోసం వెళ్లలేదు మేం. 14వ శతాబ్దపు ఫ్రెంచి ప్రేమపాటలంటే నాకు పిచ్చి. వాటికి పెద్దదిక్కు గియోమ్ ద మషో అనే కవి, స్వరకర్త. ఈ కేథడ్రల్‌లోనే మతాధికారి, 1377లో పోయాడు. చర్చి కొలువు చేసుకుంటూనే రాజులకీ ప్రభువులకీ ప్రేమగీతాలు రాశాడు. ముసలి కవికీ పడుచుపిల్లకీ మధ్య ఉత్తరాలతో, పాటలతో నడిచే ప్రేమకథా రాశాడు, అందులో కవి తనే. అది చెప్పాక మావారు కాస్త నవ్వారు. కేథడ్రల్‌కి టికెట్ లేదు. పారిస్ నుంచి ఫాస్ట్ ట్రైన్‌లో ముప్పావుగంట.

నా ఆశంతా పారిస్‌కి ఉత్తరాన ఉన్న షాంటియీ కోట మీద. అక్కడి 564 నంబరు రాతప్రతిలో బోద్ కోర్దియే అనే స్వరకర్త పాటొకటి ఉంది. స్వరాలు రాసే గీతల్నే గుండె ఆకారంలో వంచేశాడు. కొత్త సంవత్సరం రోజున ప్రియురాలికి పాటనే కానుకిస్తున్నానంటాడు. మధ్యలో ఎర్రసిరా స్వరాలు సోకు కోసం కాదు, అక్కడ లయ మారుతుంది. కోటని దానంగా ఇచ్చిన పాత యజమాని ఓమాల్ డ్యూక్ తన సేకరణలో ఏదీ బయటికి అరువివ్వొద్దని షరతు పెట్టాడు కాబట్టి మనమే అక్కడికి పోవాలి.

పోయాం. ఆ రోజు ఆ రాతప్రతి ప్రదర్శనలో లేదు. ముందే మెయిల్ పెట్టి కనుక్కోకపోవడం నా తప్పే. అరల నిండా తోలు అట్టల పుస్తకాలు చూస్తూ నిలబడ్డాను. "దీనికా ఇంత దూరం" అని మావారు పైకి అనలేదు, అంతే. బయట 8 యూరోలకి స్ట్రాబెర్రీల మీద షాంటియీ క్రీమ్ (చక్కెర వేసి గిలకొట్టిన మీగడ) తిన్నారు. ఇంకోటి ఆర్డర్ చేశారు. ఆయన లెక్కలో కోట పాసైంది.

చివరి రాత్రి పారిస్‌లో ఓ చిన్న చర్చిలో కచేరీ, తలా 18 యూరోలు. ముగ్గురే గాయకులు, మైకు లేదు. నాలుగో పాట మొదలవగానే మావారి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అదే పాట! మన పల్లవిలాంటి భాగం ముందు మొత్తం వస్తుంది, మధ్యలో సగమే వచ్చి ఆగిపోతుంది, చివర్లో మళ్లీ పూర్తిగా వస్తుంది. ఆ సగం దగ్గర మావారు "అయిపోయిందా?" అన్నారు. ముందు వరుసావిడ వెనక్కి తిరిగి చూసింది.

అయ్యాక ఒక గాయని తన కాగితం చూపించింది. గుండె బొమ్మ జిరాక్సు, అంచున కాఫీ మరక, ఊపిరి తీసుకోవాల్సిన చోట్ల పెన్సిల్ టిక్కులు. ఫోటో తీసుకోవచ్చా అని అడిగింది మావారే.

వెళ్లేవాళ్లు శాలువా పట్టుకెళ్లండి, మే నెలలోనూ ఆ రాతి గోడల మధ్య చలి.