ఉక్కపోతలో ప్లేట్ క్యారియర్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

మన శ్రీకాకుళం గాలిలో పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒంటి మీద ఉండాల్సిన ప్లేట్ క్యారియర్‌లో (తూటాని ఆపే ప్లేట్లు పెట్టుకునే తొడుగులో) నేను ముందు చూసేవి మూడు: మన కొలతకి సరిపోవాలి, గుడ్డ పలచగా ఉండాలి, తడిస్తే తెల్లారేసరికి ఆరిపోవాలి. మెత్తదనం ఆ తర్వాతే. ఈ మూడూ కుదరని క్యారియర్‌కి భుజాల దగ్గర ఎంత ప్యాడింగు కుక్కినా మధ్యాహ్నానికి ఎప్పుడు విప్పేద్దామా అనిపిస్తుంది. చెట్టు కింద విప్పి పెట్టిన కవచం ఎవర్నీ కాపాడదు. అందుకే సుఖంగా ఉండటాన్ని నేను సోకు కింద లెక్కపెట్టను, రక్షణలో అదీ భాగమే అంటాను.

నేను ఆర్మ్‌డ్ రిజర్వు పోలీసుని. మందస, కొత్తూరు వైపు ఒడిశా సరిహద్దు కొండలు, ఇచ్ఛాపురం దగ్గర హైవే మీద తనిఖీలు, 2024 మే 13 పోలింగు లాంటి నడివేసవి డ్యూటీలు అన్నీ కవచం వేసుకునే చేశాను. మొదట్లో మాకిచ్చిన బీపీ (బుల్లెట్ ప్రూఫ్) జాకెట్ ప్లేట్లతో కలిపి 10 కిలోల పైమాటే. తర్వాత పై అధికారి అనుమతితో డిపార్టుమెంటు ప్లేట్లనే పెట్టుకునేలా క్యారియర్ ఒకటి సొంతంగా కొనుక్కున్నాను. 500 డెనియర్ (పోగు మందం కొలత) కార్డురా అనే గట్టి నైలాన్ గుడ్డ, పక్కలకి సాగే పట్టీ, భుజాల మీద వేలి మందం కూడా లేని ప్యాడ్. ఈ నమూనాని చాలామంది కుడుతున్నారు గనక కంపెనీ పేరు కంటే కుట్టిన తీరు చూసుకోవడం మేలు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన తమ్ముళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. క్యారియర్ అంటే గుడ్డ తొడుగు, అంతే. తూటాని ఆపేది లోపలి ప్లేటు. పిస్తోలు తూటాలని ఆపే మెత్తటి అరమిడ్ (కెవ్లార్ లాంటి గట్టి పోగుల) పొరలు ఏకే తూటా ముందు నిలవవు, దానికి గట్టి ప్లేటు ఉండాల్సిందే. మన దేశంలో వీటికి ఐఎస్ 17051 అని 2018లో వచ్చిన బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం ఉంది. పరీక్ష కాగితాలు లేని ప్లేటు ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోవద్దు. ఇంకో సంగతి. కొన్ని ప్లేట్లు ఒంటరిగానే పనిచేస్తాయి. కొన్ని మాత్రం వెనక మెత్తటి ప్యానెల్ ఉంటేనే రాసిన స్థాయి రక్షణ ఇస్తాయి. ప్లేటు వెనక స్టిక్కరు మీద ‘స్టాండలోన్’ అనో ‘ఇన్ కంజంక్షన్’ అనో ఉంటుంది. పాత జాకెట్‌లోంచి ప్లేటు తీసి పలచటి క్యారియర్‌లో దోపేటప్పుడు చాలామంది ఈ స్టిక్కరు చదవరు. తేలిగ్గా ఉందని సంబరపడతారు గానీ, ఆ తగ్గిన బరువు తమని కాపాడాల్సిన ప్యానెల్‌దే అని వాళ్లకి తెలియదు. దయచేసి చదవండి.

బరువు విషయంలో మంచి రోజులే వస్తున్నాయి. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో, ఐఐటీ ఢిల్లీ కలిసి 2024లో చూపించిన అభేద్ జాకెట్లలో తేలిక రకం 8.2 కిలోలు. హైదరాబాద్‌లోని ప్రభుత్వ లోహాల కంపెనీ మిధాని, భాభా అణు పరిశోధనా కేంద్రం పరిజ్ఞానంతో భాభా కవచ్ చేస్తోంది. అలాంటివి జిల్లా స్థాయి దాకా వస్తే మా నడుములకి పండగే.

ఇక కొలత. అమెరికా సైన్యం వాడే సాపీ కొలతలో మీడియం ప్లేటు 9.5 అంగుళాల వెడల్పు, 12.5 అంగుళాల పొడవు. బయట ఎక్కువగా దొరికే ప్లేటు 10కి 12. చూడ్డానికి రెండూ ఒకటే అనిపిస్తాయి, ఒకదానికి కుట్టిన సంచిలో రెండోది సరిగ్గా కూర్చోదు. సంచి వదులైతే అడుగు వేసినప్పుడల్లా ప్లేటు లోపల ఆడుతుంది, ఆ ఆటకి రెండు భుజాలూ ఒరుసుకుపోతాయి. ప్లేటు పై అంచు మెడ కింద, రెండు కాలర్ ఎముకల మధ్య గుంట దగ్గర ఉండాలి. గుండె, పెద్ద రక్తనాళాలు ఉండేది ఆ కిందే. చాలామంది దాన్ని బొజ్జ మీదకి జార్చి వేసుకుంటారు. అలా వేసుకుంటే పైభాగం ఖాళీ అవుతుంది, జీపులో కూర్చున్నప్పుడు కింది అంచు తొడలకి తగిలి ప్లేటు మొత్తం గొంతు కిందకి ఎగదన్నుతుంది. వెడల్పు రెండు చనుమొనల మధ్య దూరానికి దగ్గరగా ఉంటే చేతులు ముందుకి కలుస్తాయి, తుపాకీ భుజానికి సరిగ్గా ఆనుతుంది. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషికి పెద్ద ప్లేటు ఇవ్వడం న్యాయమే గానీ, సన్నపాటి మనిషికి ‘ఎక్కువ కప్పుతుంది’ అని పెద్దది తగిలించడం హింస.

అసలు కథ చెమట. ఎండ 40 దాటినా గాలి పొడిగా ఉన్న చోట చెమట ఆరి ఒళ్లు కాస్త చల్లబడుతుంది. మన తీరంలో 35 ఉన్నా చాలు, గాలిలో తేమకి చెమట ఆరదు, కారుతూనే ఉంటుంది. అందుకే లోపలి వైపు మందపాటి జాలీ ప్యాడ్లున్న క్యారియర్లని పొడి ప్రాంతాల వాళ్లు మెచ్చుకున్నంతగా నేను మెచ్చుకోలేను. ఆ ప్యాడ్లు గాలికి దారి ఇవ్వాలి, నిజమే, కానీ కదలకుండా ఒకచోట నిలబడే బందోబస్తులో ఆ దారిన వచ్చే గాలే ఉండదు. నీళ్లు పీల్చుకుని బరువెక్కుతాయి, మర్నాటికీ తడిగానే ఉంటాయి, రెండు వారాల్లో కంపు మొదలవుతుంది. నా క్యారియర్‌లో ప్లేటు వెనక నిలువుగా రెండు సన్నటి జాలీ పట్టీలు మాత్రమే ఉన్నాయి, నాకు అవి చాలు. వెడల్పాటి పక్క పట్టీ బదులు మధ్యలో ఖాళీలున్న సన్నటి సాగే పట్టీ ఉండటం ఇంకా పెద్ద మేలు చేసింది. డొక్కల దగ్గర గాలి ఆడుతుంది, చెమటకాయలు తగ్గాయి. అయితే పక్కన కూడా ప్లేట్లు పెట్టాల్సిన డ్యూటీ అయితే ఈ పట్టీ పనికిరాదు.

లోపల నూలు బనీను వేసుకోవద్దనే చెబుతాను. తడిస్తే ఆరదు, ముడతపడి పట్టీ కింద చర్మాన్ని కోసేస్తుంది. పూర్తి పాలిస్టరు టీషర్టు తొందరగా ఆరుతుంది గానీ మంట తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. మధ్యేమార్గంగా నూలు, పాలిస్టరు కలిసిన పలచటి గుడ్డ, కుట్లు భుజం మీద కాకుండా పక్కకి వచ్చేలా కుట్టినది వాడుతున్నాను. ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో నలిగిన ఇళ్లు చూసినవాళ్లం మనం. కారణాల మాట అలా ఉంచితే, కవచం వేసుకున్న ఒంట్లోంచి పోయే నీళ్లు మామూలు రోజుకంటే ఎంతో ఎక్కువ. దాహం వేసేదాకా ఆగొద్దు. డ్యూటీకి ముందు చోడి (రాగి) అంబలి, మధ్యలో ఉప్పేసిన మజ్జిగ లేదా ఓఆర్ఎస్ తాగండి. తల తిరిగినా, చెమట పట్టడం ఆగిపోయినా పక్కవాడికి చెప్పి నీడకి వెళ్లి కవచం విప్పండి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

బరువు ఒంటికి అతుక్కుని ఉండాలి. బస్తా వీపుకి ఆనితే కలాసీ మైలు నడుస్తాడు, వీపుకి ఎడంగా వేలాడితే పది అడుగులకే అలిసిపోతాడు. ఇదీ అంతే. పక్క పట్టీని నిండా ఊపిరి పీల్చి బిగించాలి, ఆ తర్వాత అరచెయ్యి దూరేంత సందు మిగలాలి. అప్పుడు బరువంతా భుజాల మీదే పడదు. చేతివేళ్లు తిమ్మిరెక్కుతుంటే భుజం పట్టీ మరీ మెడ దగ్గరకో, మరీ చంక దగ్గరకో వచ్చిందని లెక్క. తుపాకీ స్లింగు (తగిలించుకునే పట్టీ) కూడా అక్కడే పడుతుంది గనక మందపాటి భుజం ప్యాడ్ మీద స్లింగు జారుతుంది, పలచటిది నయం.

ముందు భాగంలో లూపులు ఉన్నాయి కదా అని అన్నీ తగిలించేవాళ్లని చూస్తుంటే బాధేస్తుంది. నిండిన ఏకే మ్యాగజైను దాదాపు 800 గ్రాములు. మూడు పెడితేనే రెండున్నర కిలోలు రొమ్ము మీద వేలాడతాయి, సాయంత్రానికి గూడలు లాగేస్తాయి, బోర్లా పడుకుంటే పొట్టకీ నేలకీ మధ్య గుట్టలా ఉంటుంది. నేను మ్యాగజైన్లు రెండు, రెండు చేతులకీ అందే చోట టూర్నికే (రక్తం కారకుండా బిగించే పట్టీ), అంతే ఉంచుతాను. మిగతావి నడుం బెల్టుకి. వీపున నీళ్ల సంచి వేస్తే ముందు బరువుకి సాటి వస్తుంది.

మా మహిళా సిబ్బంది సంగతి వేరు. బల్లపరుపు ప్లేటు, మగవాళ్ల కొలతకి కుట్టిన తొడుగు వేసుకుని రోజంతా నిలబడటం వాళ్లకి నరకం. పై అంచు మెడకి తగులుతుంది, పక్కన సందు పడుతుంది. చిన్న సైజు, వంపు ఎక్కువున్న ప్లేటు, నడుం దగ్గర విడిగా బిగించుకునే పట్టీ ఉంటే చాలా తేడా వస్తుందని వేసుకున్న చెల్లెళ్లే చెప్పారు. ఇండెంటు (సామాను కావాలని పంపే కాగితం) రాసే అధికారులు వాళ్ల కొలతలు వాళ్లనే అడిగి రాయాలి.

మన్నిక గురించి. కార్డురా గుడ్డ ఎక్కడా చిరగలేదు. వెల్క్రోలో పల్లేరు ముళ్లు, ఇసుక, నూలు పోగులు చేరి పట్టు తగ్గింది, పాత టూత్ బ్రష్‌తో గీకితే చాలావరకు తిరిగొచ్చింది. రాత్రిపూట వెల్క్రో చప్పుడు మాత్రం పెద్ద లోపమే, బకిల్ ఉన్నది మేలు. భావనపాడు, కళింగపట్నం వైపు ఉప్పుగాలికి ఇనుప రింగులు తుప్పుపట్టాయి, వాటి బదులు ప్లాస్టిక్‌వి వేయించాను. ఒక్క లాగుతో క్యారియర్ మొత్తం ఊడిపోయే కేబుల్ ఏర్పాటు ఉన్నది దొరికితే తీసుకోండి. నాగావళి, వంశధార పాయలు దాటేటప్పుడు కాలు జారితే ఆ బరువుతో ఈదలేం. ఉతకాలంటే ముందు ప్లేట్లూ ప్యానెళ్లూ తీసేసి, తొడుగుని మాత్రం చల్లటి నీళ్లలో కొద్దిపాటి సబ్బుతో చేత్తో ఉతికి నీడలో ఆరేయాలి. మెత్తటి ప్యానెల్‌ని నానబెట్టకూడదు, మడతపెట్టకూడదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. సిరామిక్ ప్లేటు కిందపడితే పైకి ఏమీ కనపడకపోయినా లోపల పగులు ఉండొచ్చు, స్టోరుకి చెప్పి పరీక్షకి పంపించండి. పాలిథిలిన్ ప్లేటుని ఎండలో నిలిపిన జీపులో వదలొద్దు, వేడికి దాని బలం తగ్గుతుంది.

కొనేముందు అదే కొలత డమ్మీ ప్లేట్లు పెట్టి వేసుకుని కూర్చోండి, పడుకోండి, మెట్లెక్కండి, తుపాకీ భుజానికి ఎత్తి చూడండి. దుకాణంలో నిలబడి అద్దంలో చూసుకుంటే ఇవేవీ తెలియవు. నా క్యారియర్‌లో ఇప్పుడు సాగే పట్టీ ఒక్కటే వదులైంది. బూట్లు కుట్టేవాడి దగ్గర ఎలాస్టిక్ మార్పించి, ఇంకో వేసవి వాడతాను.