రామతీర్థం బండల నుంచి మహేంద్రగిరి దాకా: ఏ కొండకు ఏ బూట్లు

మన వైపు కొండలెక్కడానికి బూట్లు కొనేవాళ్లలో చాలామంది మనాలీకి బయల్దేరినట్టు కొంటారు. చీలమండ పైదాకా వచ్చే బూటు, లోపల నీరు చొరని పొర, జత బరువు కిలో పైమాటే. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వెళ్లడానికి ఇక్కడ చెప్పే కొండల్లో బాగా ఎత్తయినది మహేంద్రగిరి. అదీ 1,501 మీటర్లే. మంచు ఊసే లేదు. ఇక్కడ కాలికి వచ్చే కష్టాలు వేరు. చెమట, చీలమండ మునిగే గెడ్డ (వాగు) నీళ్లు, అడుగు కింద దొర్లే ఎర్ర గులక, తుమ్మ ముల్లు, ఇవి కాక గుడి కనిపించినప్పుడల్లా విప్పి తొడుక్కోవడం. వీటన్నిటికీ సరిపోయేది చీలమండ కిందే ఆగే తేలికపాటి బూటు. వేళ్ల దగ్గర వెడల్పుండాలి, మడమ దగ్గర బిగువుండాలి, తడిసినా తొందరగా ఆరాలి. జత 600 నుంచి 900 గ్రాముల మధ్య ఉంటే చాలు. మహేంద్రగిరి ఒక్కటే దీనికి కొంత మినహాయింపు.

కొత్త బూట్లను రామతీర్థంలో పరీక్షించడం మంచిది. విజయనగరానికి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి బస్సులున్నాయి, నెల్లిమర్ల దాకా వస్తే ఆటోలూ దొరుకుతాయి. ఇక్కడి బోడికొండ పేరుకు తగ్గట్టే బోడిబండ. మెట్లున్నంత మేర ఏ చెప్పయినా ఒకటే. మెట్లు వదిలి వాలు బండ మీద అడుగు పెట్టాకే సోలు సంగతి తేలుతుంది. పొడి రాయి మీద లోతు గాట్లున్న సోలు కన్నా చదునైన మెత్తటి రబ్బరు సోలే బాగా పడుతుంది. లోతు గాట్ల సోలులో రాయిని తాకేది మొనలు మాత్రమే. ఒంటి బరువంతా వాటి మీద పడేసరికి అవి పక్కకు వంగిపోతాయి. చదునుగా ఉన్నది మొత్తంగా ఆనుతుంది. రబ్బరు మెత్తదో గట్టిదో షాపులోనే చూసుకోవచ్చు. సోలు అంచును బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కండి. గుర్తు పడి నెమ్మదిగా మాయమైతే బండకు పనికొస్తుంది. గోరు అసలు దిగకపోతే ఆ సోలు ఏళ్ల తరబడి అరగదు, బండ మీద మాత్రం నిలవదు.

పక్కనే ఉన్న గురుభక్తులకొండకు, బౌద్ధ విహారాల శిథిలాలు చూడటానికి వెళ్లేవాళ్లకు రాయి కన్నా ముళ్లతోనే ఎక్కువ పని. హవాయి చెప్పుల్లోంచి తుమ్మ ముల్లు నేరుగా అరికాలికి వస్తుంది. రన్నింగ్ బూట్లలోనూ కొన్నింటికి అడుగున రబ్బరు ఉండదు, ఫోమే నేలకు తగులుతుంది. అలాంటివి ఇక్కడికి వద్దు. రబ్బరు సోలున్నా ముల్లు విరిగి లోపలే ఉండిపోతుంది, నడిచిన కొద్దీ పైకి దిగుతుంది. గుచ్చుకునేది మర్నాడు. అందుకని బసకు చేరాక సోలంతా వేలితో తడిమి, తగిలిన మొనను గోళ్లు తీసుకునే కట్టరుతో లాగేయాలి. సన్న జాలీ ఉన్న బూట్లకు గడ్డి ముళ్లు ఇంకో బెడద. జాలీలోంచి దూరి సాక్సులో ఇరుక్కుంటాయి. జాలీ ఎంత ఒత్తుగా ఉంటే అంత మేలు.

మార్చి దాటాక పొద్దున పది గంటలకే బండ కాలిపోతుంది. పైన కోదండరాముడి గుడి దగ్గర బూట్లు విప్పక తప్పదు కాబట్టి ఆరు, ఆరున్నరకే ఎక్కడం మొదలుపెట్టాలి. రాత్రి బస విజయనగరంలోనే పెట్టుకోండి, స్టేషను దగ్గరా కాంప్లెక్స్ దగ్గరా లాడ్జిలున్నాయి. నడకకు వచ్చినవాళ్లు గది చూసుకునేటప్పుడు ఏసీ గురించి కాదు, బాల్కనీ గురించి అడగాలి. కిటికీ తెరుచుకోని ఏసీ గదిలో తడి బూట్లు తెల్లారేసరికి ఆరవు సరికదా, గదంతా కంపు కొడుతుంది.

పుణ్యగిరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. శృంగవరపుకోట నుంచి నాలుగైదు కిలోమీటర్లు. విశాఖ నుంచి వచ్చేవాళ్లకు కిరండూల్ పాసింజరు ఎస్.కోటలో ఆగుతుంది. ఇక్కడ శివాలయం, ధార, తడి మెట్లు, పాచి. పాచి పట్టిన రాయి మీద ఎంత ఖరీదైన రబ్బరూ నమ్మదగింది కాదు, ఎందుకంటే రబ్బరు రాయిని అసలు తాకదు, మధ్యలో జిగట పొర ఉంటుంది. సన్న అంచులు ఎక్కువున్న సోలు ఆ పొరను కొంత చీలుస్తుంది, అంతే. మిగతాది అడుగు వేసే తీరులో ఉంది. పచ్చగా, నల్లగా మెరిసే చోటు వదిలి గరుకుగా కనిపించే చోట కాలు పెట్టాలి. అడుగు చిన్నదిగా, పాదం మొత్తం ఒకేసారి ఆనేలా వేయాలి. మడమతో మొదలుపెట్టి వేసిన అడుగే జారేది.

ఇలాంటి చోట్లకు వెనక పట్టీ ఉన్న శాండిళ్లు బూట్లకు గట్టి పోటీ. విప్పడం సులువు, తడి సమస్య లేదు. వేళ్ల ముందు కాపు ఉన్నవైతే రాయికి బొటనవేలు కొట్టుకోదు. వీటి లోపం ఇసుక. పట్టీ కింద చేరిన నాలుగు రేణువులు గంటలో చర్మం లేపేస్తాయి. గెడ్డ దాటిన ప్రతిసారీ పట్టీ వదులు చేసి కాలు కడిగి మళ్లీ బిగించుకోవాలి. సీతంపేట వైపు మెట్టుగూడ జలపాతానికి వెళ్లేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది (2022లో ఆ వైపంతా పార్వతీపురం మన్యం జిల్లాలో కలిసింది). శివరాత్రికి పుణ్యగిరిలో ఇసుక వేస్తే రాలనంత జనం. ఆ రోజు బూట్లు గుడి ముందు వదలకుండా సంచిలో వేసి వీపున తగిలించుకోండి.

తాటిపూడి జలాశయం చుట్టూ ఉన్న గుట్టల్లో రాయి కన్నా ఎర్రమట్టి, గులక ఎక్కువ. ఎక్కేటప్పుడు ఏమీ తెలియదు. దిగేటప్పుడు గోళీల మీద నడుస్తున్నట్టే ఉంటుంది. ఇక్కడ మాత్రం గాట్లు కావాలి. 4 నుంచి 5 మిల్లీమీటర్ల లోతు, మొనకూ మొనకూ మధ్య వేలి మందం ఎడం. ఎడం తక్కువైతే వానాకాలంలో బంకమట్టి ఇరుక్కుని సోలు నున్నగా తయారవుతుంది, ఒక్కో బూటు అరకిలో బరువెక్కుతుంది. మడమ భాగంలో గాట్లు ముందు భాగానికి ఎదురు దిక్కుగా ఉన్నాయో లేదో చూడండి. దిగుడులో ఆపేవి అవే. జలాశయంలో బోటు ఎక్కాలనుకుంటే, అది నడుస్తోందో లేదో బయల్దేరే ముందే కనుక్కోవడం మేలు.

శాలిహుండానికి ప్రత్యేకంగా ఏమీ అక్కర్లేదు. వంశధార ఒడ్డున చిన్న కొండ, స్తూపాల దాకా మంచి దారి. రోజూ ఆఫీసుకు వేసుకెళ్లే స్పోర్ట్స్ బూట్లు చాలు. అక్కణ్నుంచి కళింగపట్నం తీరానికి వెళ్తే మాత్రం జాలీ బూట్లు కారులోనే వదిలేయండి.

ఇక మహేంద్రగిరి. కొండ ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది, మనవాళ్లు మందస వైపు నుంచి నడిచి ఎక్కుతారు. ఒడిశా వైపు నుంచి బండి దారి కూడా ఉంది, అటు వెళ్తే ఈ బూట్ల చర్చే అక్కర్లేదు. బసకు పలాస అనువు. హౌరా–చెన్నై లైనులో స్టేషను, కాశీబుగ్గలో లాడ్జిలు, భోజనం, అవసరమైతే లేసులూ సాక్సులూ అమ్మే షాపులు, అన్నీ దగ్గర్లోనే. మందస దాటాక ఇవేవీ లెక్కలోకి రావు. దారి తెలిసిన స్థానికుడు తోడు లేకుండా వెళ్లొద్దు. జీడితోటలు దాటాక బాటలు చీలిపోతాయి.

పైన భీముడి, కుంతి, యుధిష్ఠిరుడి పేర్లతో రాతి గుడులున్నాయి. పొద్దున మంచు బిందువులు పడిన గడ్డిలో పది నిమిషాలు నడిస్తే జాలీ బూట్లు తడిసి ముద్దవుతాయి. నీరు చొరని బూట్లు వేసుకోవాలనిపించేది ఇక్కడే. కానీ గడ్డి మీది నీరు ప్యాంటు అంచు వెంట జారి పైనుంచి బూటులోకి దిగుతుంది. ఆ పొర నీటిని లోపలికి రానివ్వనట్టే లోపలి నీటిని బయటికీ పోనివ్వదు. ఆవిరిగా పోయే మార్గముందని కంపెనీలు చెప్పేది నిజమే. కానీ బయటి గాలి చల్లగా, పొడిగా ఉన్నప్పుడే అది సరిగ్గా పనిచేస్తుంది. మన ఉక్కపోతలో చెమటే లోపల నిలిచిపోతుంది. గెడ్డలో ఒక్కసారి చీలమండ మునిగితే సాయంత్రం దాకా బూటులో నీళ్లు కుదుపుతూ నడవాల్సిందే. ప్యాంటు అంచును బూటు మీదికి లాగి కట్టే గుడ్డ తొడుగు ఇంతకన్నా మేలు, గడ్డి ముళ్లనూ ఆపుతుంది.

చీలమండ పైదాకా వచ్చే బూటు ఎవరికి కావాలంటే, రాత్రి పైన ఉండే ఉద్దేశంతో పది కిలోలకు మించిన బరువు మోసేవాళ్లకు, లేదా ఇదివరకే చీలమండ మడతపడి ఉన్నవాళ్లకు. వాళ్లూ కనీసం రెండు మూడు వారాలు ఊళ్లో తొడుక్కుని తిరిగాకే తేవాలి. పలాస సంతలోనూ చిన్న షాపుల్లోనూ దొరికే హంటర్ రకం కాన్వాస్ బూట్లను తీసిపారేయొద్దు. పొడుగ్గా ఉంటాయి, తొందరగా ఆరతాయి, రబ్బరు సోలు మట్టిలో బాగా పడుతుంది. లోపలి అట్ట మాత్రం పేరుకే ఉంటుంది. దాన్ని తీసి మంచి ఫోమ్ అట్ట వేసుకుంటే ఒకరోజు నడకకు ఢోకా లేదు. అట్ట మందం పెరుగుతుంది కనుక అర సైజు పెద్దది కొనాలి.

మహేంద్రగిరి దిగేటప్పుడు ఎక్కువమందికి దెబ్బ తగిలేది బొటనవేలి గోటికి. పాదం ముందుకు జారి గంటల తరబడి కొట్టుకుని, గోరు నల్లబడి, నెల తర్వాత ఊడిపోతుంది. దీనికి మందు లేసుల్లోనే ఉంది. బూటుకు చివరి కన్నం పక్కన, చాలామంది వాడకుండా వదిలేసే ఇంకో కన్నం ఉంటుంది. లేసును అడ్డంగా తీసుకెళ్లకుండా అదే పక్కనున్న ఆ కన్నంలోకి దూర్చి చిన్న ఉచ్చులా వదలాలి. రెండో వైపూ అలాగే. తర్వాత ఒక్కో కొసను ఎదుటి ఉచ్చులోంచి దూర్చి కిందికి, వెనక్కి లాగి ముడేయాలి. మడమ వెనక్కి అతుక్కుపోతుంది. వేళ్ల వైపు లేసు కాస్త వదులుగానే ఉంచాలి. గోళ్లు ముందురోజే కత్తిరించుకోవాలి.

కొనేటప్పుడు సాయంత్రం వెళ్లండి, పగలంతా తిరిగిన పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. నడకకు వాడే సాక్సులే తొడుక్కుని చూడాలి. లోపలి అట్ట బయటికి తీసి దాని మీద నిలబడితే వేళ్లు అంచు దాటకూడదు, ముందు సెంటీమీటరు ఖాళీ ఉండాలి. మనలో చెప్పుల అలవాటున్నవాళ్లకు వేళ్ల దగ్గర పాదం పరుచుకుని ఉంటుంది. సన్న మూసలో పోసిన విదేశీ బూట్లు పొడవు సరిపోయినా చిటికెనవేలిని నొక్కేస్తాయి. సైజు పెంచితే మడమ వదులవుతుంది, కాబట్టి వెడల్పు రకమే అడగాలి. బూటును రెండు కొసలా పట్టుకుని వంచితే వేళ్ల మొదట్లో వంగాలి. నడిమధ్య మడతపడితే వదిలేయండి. విజయనగరం షాపుల్లో దొరకని వెడల్పులకు విశాఖ డెకత్లాన్ దాకా వెళ్లడం దండగేమీ కాదు. మెట్లు, వాలు బల్ల ఎక్కి దిగి చూడనిచ్చే చోటే కొనండి.

నూలు సాక్సులు చెమట పట్టి వదలవు, బొబ్బలకు సగం కారణం అవే. సింథటిక్ రకం రెండు జతలు ఉంచుకుని మధ్యాహ్నం మార్చుకోవాలి. కాలు ఎక్కడైనా మండడం మొదలైతే ‘ఇంకాస్త దూరమే కదా’ అనుకోకుండా ఆగి, తుడిచి, మందుల షాపులో దొరికే టేపు నున్నగా అంటించాలి. బొబ్బ లేచాక అంటిస్తే తీసేటప్పుడు తోలు ఊడొస్తుంది.

చివరిగా సోలు ఊడటం గురించి. మూడు నాలుగేళ్ల కింద కొని, పెట్టెలో దాచి, ఒక్కసారి వాడిన బూట్లే ఎక్కువగా కొండ మీద మోసం చేస్తాయి. సోలు మధ్య పొర పీయూ (పాలీయురెతేన్ ఫోమ్) రకమైతే తీరప్రాంతపు తేమకు అది లోలోపలే విరిగిపోతుంది. బయటికి కొత్తదానిలానే కనిపిస్తుంది. బయల్దేరే ముందు సోలు పక్క భాగాన్ని వేలితో నొక్కి చూడండి. పొడి రాలినా, పగుళ్లు తేలినా అది బాగుకాదు. కేవలం జిగురు వదిలినదైతే చెప్పులు కుట్టే ఆయన దగ్గర చుట్టూ కుట్టించడమే ఉత్తమం. ఫెవిక్విక్ వద్దు, ఆరాక గాజులా గట్టిపడి బూటు వంగే చోట పగిలిపోతుంది. ఇంట్లోనే అతికించుకోవాలంటే రబ్బరు గమ్ము రెండు వైపులా రాసి, పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, అప్పుడు అదిమి రాత్రంతా బరువు కింద ఉంచాలి. తడిసిన బూట్లను ఎండలోనో వేడి దగ్గరో పెడితే ఈ జిగురే ముందు వదులుతుంది. అట్ట బయటికి తీసి, లోపల పాత పేపరు కుక్కి, ఫ్యాను కింద పెట్టి, పేపరు తడిసినప్పుడల్లా మార్చాలి. కొండ మీదే ఊడితే అదనపు లేసుతో బూటును చుట్టి కట్టుకోవచ్చు. ఒక చుట్టు వేళ్ల దగ్గర, రెండోది అరికాలి గుంట కింద వేసి ముడి పైన వేయాలి. గుంట కింది చుట్టు నేలకు అంతగా రాసుకోదు, వేళ్ల దగ్గరిది తెగినా అది కింది ఊరు దాకా లాగుతుంది.