రెడీమేడ్ ప్రభు బల్ల కప్పులు: ఆసుపత్రికి సరే, ఆదివారానికి వద్దు

ప్రభు బల్ల అంటే యేసు శరీర రక్తాలకు గుర్తుగా సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆరాధన. రొట్టె బిళ్ల, ద్రాక్షరసం రెండూ ఒకే చిన్న ప్లాస్టిక్ కప్పులో సీలు వేసి వచ్చే ఈ కప్పులు కరోనా రోజుల్లో మన సంఘాల్లో బాగా వాడుకలోకి వచ్చాయి. చేతులు మారుతూ వచ్చే రసం కప్పుల ట్రే ముట్టుకోవాలంటే జనం జంకిన కాలం అది. జంకు పోయింది గానీ కప్పులు పోలేదు. క్రైస్తవ పుస్తకాల షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ వందేసి కప్పుల పెట్టెలు దొరుకుతున్నాయి.

కప్పు మీద రెండు పొరలుంటాయి. పైది పారదర్శకంగా ఉండే పల్చటి ఫిల్మ్. దాని కింద బిళ్ల. బిళ్ల కింద ఫాయిల్, ఆ కింద రసం. ఈ అమరికలో ఒక మంచి ఉంది: మొదట రొట్టె, తర్వాత పాత్ర (అంటే రసం) అన్న వరస తప్పే వీలు లేదు. మన కోసం అప్పగించిన శరీరం, ఆ తర్వాత పాపక్షమాపణ కోసం చిందిన రక్తం. ప్రభువు ఆ రాత్రి ఏ వరసలో ఇచ్చాడో అదే వరసలో చేతికొస్తుంది. ఇసుక గడియారం ఆకారంలో, బిళ్ల అడుగున ఉండే రకం కూడా ఉంది. దాన్ని ముందు తలకిందులు చేసి బిళ్ల తీసుకోవాలి. ఎవరైనా మర్చిపోయి రసం వైపు ముందు విప్పారో, ఇక తిప్పడానికుండదు.

అసలు చిక్కు పొరల దగ్గరే. రెండింటి కొసలూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి తొందరలో రెండూ కలిసి ఊడతాయి. బిళ్ల కింద పడుతుంది, రసం తెల్లచీర మీద పడుతుంది. ద్రాక్ష మరక అంత తేలిగ్గా వదలదు. కప్పును ఒడిలో పెట్టుకోకుండా ఎడమచేత్తో అడుగున పట్టుకుని, ముందు ఫిల్మ్ కొసను మాత్రమే గోటితో లేపాలి. ఫాయిల్‌ను ఒక్క గుంజున లాగకూడదు. ఒక అంచు నుంచి మెల్లగా, మనిషికి అవతలి వైపుకి తీయాలి. కప్పు నడుముని గట్టిగా నొక్కి పట్టుకుంటే రసం పైకి చిమ్ముతుంది. వేళ్లు వంగని పెద్దవాళ్ల వల్ల ఇది కాదు, పక్కవాళ్లు విప్పి ఇవ్వాల్సిందే.

ఇంకోటి, చప్పుడు. ఎవరిని వారు పరీక్షించుకుని ఆ రొట్టె తినాలని అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘంవాళ్లకు రాశాడు. పాపం ఒప్పుకోవాల్సిన ఆ రెండు నిమిషాలూ రెండొందల మంది ఫిల్మ్ చింపే చిటపటలో పోతాయి. వాడక తప్పదనుకుంటే, రొట్టె ప్రార్థనకు ముందే ఫిల్మ్ విప్పించండి. పాత్ర ప్రార్థనకు ముందు ఫాయిల్ విప్పించండి. కాపరిగారు (పాస్టర్) ఆ మాట గట్టిగా చెప్పి, అందరూ విప్పేదాకా ఆగాలి.

పెట్టె కొనేటప్పుడు గడువు తేదీ చూడండి. ఫ్రిజ్ అక్కర్లేదని అట్ట మీద రాసి ఉన్నా, మే నెల ఎండలో కారు డిక్కీలో వదిలితే పాడవుతాయి. ఫాయిల్ ఉబ్బితే లోపల పులుస్తున్నట్టు. రసం గోధుమరంగుకు తిరిగితే పాతబడినట్టు. బిళ్ల మీద ఊదా మచ్చ ఉంటే ఫాయిల్‌కి ఎక్కడో సూదిబెజ్జం ఉన్నట్టు. ఈ మూడింటిలో ఏది కనిపించినా ఆ కప్పు పక్కన పెట్టేయండి. చిరిగేవీ ఒలికేవీ ఉంటాయి కాబట్టి సభ్యుల లెక్క కంటే నూటికి పది ఎక్కువ పెట్టుకోవాలి. బిళ్ల రుచి గురించి చెప్పేదేముంది, అట్టముక్క నమిలినట్టే.

అయితే ఆదివారం బల్లకు మేం వద్దనేది రుచి వల్లా కాదు, చప్పుడు వల్లా కాదు. విరవడానికి ఇందులో రొట్టె లేదు. 'రొట్టె యొక్కటే గనుక' అనేకులం ఒక్క శరీరం అన్నాడు పౌలు. నలుగురి కళ్లముందు ఒక రొట్టె విరిస్తేనే సిలువ మీద నలిగిన శరీరం గుర్తుకొచ్చేది. ఫ్యాక్టరీలో ఎవరి ముక్క వారికి కోసి సీలు వేశాక కాపరి చేతిలో చూపించడానికి ఏమీ మిగలదు. ప్రతి ఆదివారం రొట్టె విరిచే బ్రదరెన్ సహవాసాల్లో ఈ లోటు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కతోలిక గుడుల్లో దీనికసలు చోటే లేదు. అక్కడ గోధుమ అప్పం, ద్రాక్షారసం పీఠం మీద గురువు (ఫాదర్) చేతిలోనే ప్రతిష్ఠ కావాలి.

నలభై గుంటల పాత ట్రేనే మేలు. వంద మందికి మూడు ట్రేలు, కప్పుకి ఎనిమిది మిల్లీలీటర్ల చొప్పున లీటరులోపు రసం చాలు. కిలోన్నర నల్లద్రాక్షను ఉప్పునీళ్లలో అరగంట నానబెట్టి కడిగి, గ్లాసుడు నీళ్లతో మెత్తబడేదాకా ఉడికించి, పల్చటి గుడ్డలో వడకట్టండి. గింజలు నలిగేలా పిండితే వగరొస్తుంది. శనివారం సాయంత్రం చేసి ఫ్రిజ్‌లో పెట్టండి. బయట ఉంచితే తెల్లారేసరికి నురగ కట్టొచ్చు. కప్పులు మూడొంతుల్లో రెండొంతులే నింపాలి, లేదంటే ట్రే చేతులు మారేటప్పుడు తొణుకుతుంది.

మంచం పట్టినవారి ఇంటికీ, ఆసుపత్రి వార్డుకీ మాత్రం ఈ రెడీమేడ్ కప్పును మించింది లేదు. జేబులో పడుతుంది, దారిలో ఒలకదు. బిళ్లను వదిలేసి, ఆదివారం విరిచిన రొట్టెలోంచి ఒక ముక్క చిన్న స్టీలు డబ్బాలో పట్టుకెళ్లండి. మింగడం కష్టమైనవారికి పొడి ముక్క అంగిట్లో అతుక్కుంటుంది కాబట్టి, నర్సు సరేనంటేనే రసంలో తడిపి ఇవ్వాలి. ఆపరేషన్‌కి ముందు కడుపు ఖాళీగా ఉంచమన్నారేమో, షుగర్ ఎంత ఉందో నర్సునడిగాకే ఫాయిల్ విప్పండి.